ఒక్క అంకె నెమ్మది

దొరోబెని ఎవరూ జట్టులోకి తీసుకోరు.
బురదరంగు ఒళ్ళు, నెత్తిన బుడిపెల్లాంటి కళ్ళు,
వేగం పట్టికలో అట్టడుగు.
మెరుపునక్క రెండుసార్లు కరిచి పక్కకి తప్పుకునేదాకా
ఇది నోరు తెరవడమే మొదలుపెట్టదు.
నాచు ఎండబెట్టే షెడ్డులో నాతో పనిచేసే హయాసె
"పెంచడం దేనికి, పులుసు పెట్టుకో" అన్నాడు.

నేను పెంచాను.
రెండు చలికాలాలు, నూట పన్నెండు గుడ్లు.
అందరూ పిల్లల్లో చురుకైనదాన్ని ఏరుకుంటారు,
నేను మందకొడిదాని కోసం వెతికాను.
వేగాన్ని ఒక్కో అంకే రాలగొట్టి
ఆ బరువంతా తోలులోకి, దవడలోకి దించాను.

కిటుకు చెబుతాను, దాచుకోడానికేముంది.
ముందు నిలబడేది దొరోబె కాదు, దాని తోడు గంటపురుగు.
అది దెబ్బలు తింటుంది, తిననివ్వు.
చచ్చేలోగా ఒక్క పని చేస్తే చాలు,
ఆటు పిలవాలి.
తెర మీద సముద్రం వెనక్కి పోతుంది.
అయిదు వంతులపాటు లెక్క తలకిందులు:
వేగం ఉన్నది ఆఖరున, లేనిది ముందు.
అప్పుడు దించు దొరోబెని.
అయిదులో ఒకటి దించడానికే పోతుంది,
ఒకటి ఎదుటివాడు కవచం కప్పుకుని తినేస్తాడు.
నీకు మిగిలేవి మూడు కాట్లు.
నాలుగోదానికి ఆశపడ్డావా,
పోటు వచ్చేస్తుంది,
నక్కలన్నీ మళ్ళీ నక్కలైపోతాయి.

ఇది నేను ఆటలో నేర్చుకున్నది కాదు.
అరియాకె తీరాన నీళ్ళు కనుచూపు దాటి వెనక్కి పోయినప్పుడు
తాత నన్ను బురద మీదికి తీసుకెళ్ళేవాడు.
పలక మీద ఒక మోకాలు, రెండో కాలితో తోపు.
లేచి నిలబడ్డావా, తొడదాకా దిగిపోతావు.
"పరిగెత్తగలిగినవాళ్ళంతా గట్టు మీదే ఉన్నారు చూడు" అనేవాడు.
బుట్టలో చేపలు టపటపా కొట్టుకునేవి.

హకతలో పోటీ. బ్యాటరీల కొట్టు పైన మూడో అంతస్తు,
మడత కుర్చీలు, తడి గొడుగుల వాసన.
పేర్ల కాగితంలో నా వయసు చూసి
పిల్లాణ్ణి దింపడానికి వచ్చారా అని అడిగారు.
"ఇసామి అంటే నేనే" అన్నాను.
అయిదు ఆటలు గెలిచాను.
డ్రాగన్లు రెండూ పోగొట్టుకున్న ఒకతను
పాడైందేమోనని తెరని వేలితో తట్టి చూశాడు.

ఆరో ఆట. ఎదురుగా రిన్నొసుకె, పదకొండేళ్ళు,
బొటనవేలికి బొమ్మల బ్యాండేజీ.
ఆటు పిలిచాను. వాడు అడ్డుకోలేదు.
కవచమూ కప్పుకోలేదు.
దొరోబెని దించాను.
వాడూ దించాడు,
దొరోబెనే.

కాటు నొక్కాను.
ముందు కదిలింది వాడిది.
రెండో కాటు. ముందు వాడిదే.
మూడో కాటు వేయడానికి నాది లేదు.

ఒక్క అంకె.
నాదానికన్నా ఒక్కటంటే ఒక్క అంకె నెమ్మది.
ఎక్కడో ఏదో ఒక పోరులో అరకొరగా మిగిల్చేసిన వేగం.
నలభై ఏడేళ్ళలో
తొందరవల్ల ఓడిపోవడం నాకు ఇదే మొదలు.

వంగి నమస్కరించుకున్నాక అడిగాను, ఎన్ని గుడ్లు?
"మూడొందల ఆరు" అన్నాడు,
తర్వాత, నన్ను ఓదార్చాలనుకున్నాడేమో,
"మీది భలే చురుకైనదండీ" అన్నాడు.
అంతకన్నా పెద్ద తిట్టు నేనెప్పుడూ పడలేదు.

కషిమా వెళ్ళే రైలు. కిటికీ అవతల నీళ్ళు లేవు,
బురద మీద ఒకే ఒక్క లాంతరు,
కదులుతోందో ఆగిందో తేల్చుకోలేకపోయాను.
ఒళ్ళో ఆట తెరిచాను.
నూట పదమూడో గుడ్డు.
పగలడానికి ఇంకా మూడు వేల అడుగులు నడవాలంది.

దిగాల్సిన స్టేషన్‌కి రెండు ముందే దిగిపోయాను.